గుర్రంకొండ దుర్గం : రాళ్ళ సాక్ష్యం, కాగితాల సాక్ష్యం

వాల్మీకిపురానికి (పాత పేరు వాయల్పాడు) ఉత్తరాన, మదనపల్లె నుండి రాయచోటి మీదుగా కడప పోయే దారిలో గుర్రంకొండ ఉన్నది. మైసూరు పీఠభూమి నుండి కడప మైదానాలకు దిగే వారికి, అక్కడి నుండి పైకి వచ్చే వారికి ఈ దారి తప్పనిసరి. మూడు వైపుల నిలువుగా తెగిన బండ, నాలుగవ వైపు ఒకదాని వెనుక ఒకటిగా కట్టిన ప్రాకారాలు, అడుగున ఊరు — ఈ మూడింటితో ఏర్పడిన దుర్గం ఇది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకు ఈ ప్రాంతం కడప జిల్లాలో భాగంగా ఉండేది. 2022లో ఏర్పడిన అన్నమయ్య జిల్లాలో చేరినది.

ఈ కోటను గురించి రాసిన వారిలో ఎక్కువ మంది ఒకే ప్రశ్నతో మొదలు పెడతారు: ఇది ఎవరిది? బ్రిటిష్ గెజిటీర్లు గోల్కొండ సుల్తానులు కట్టించి ఉంటారని రాసినవి. స్థానికులు విజయనగర రాజుల పేరు చెబుతారు. కొందరు టిప్పు కోట అంటారు. కొండ ఎక్కి గోడలను చూసిన వానికి ఈ ప్రశ్నే సరిగా లేదని తోస్తుంది. నాలుగు వందల ఏండ్లలో ప్రతి ఏలుబడీ పాత గోడ మీదనే కొత్త వరస పేర్చింది. అందుచేత ఏ గోడ ఎప్పటిది, ఏ భాగం ఎందుకు కట్టవలసి వచ్చింది, కొండపై ఉన్నవారు నీటికి ఏమి చేశారు అనే ప్రశ్నలకు ముందు జవాబు వెదకాలి. ఆ జవాబులు నేలలోనే ఉన్నవి. ఆ నేలనే గుప్తనిధుల వేటగాళ్ళు రాత్రిళ్ళు తవ్విపోస్తున్నారు. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

మొదట ఈ సీమ ప్రాచీనతను కొంత చెప్పుకోవాలి. ఇప్పటి కడప, మదనపల్లె ప్రాంతాలు పూర్వమధ్యయుగంలో రేనాడు. తెలుగులో తొలి శాసనాలుగా పేర్కొనే కలమళ్ళ, ఎర్రగుడిపాడు శాసనాలు ఆరవ శతాబ్ది చివరలో ఇక్కడి రేనాటి చోళులు వేయించినవే. మదనపల్లె సమీపంలోని చిప్పిలి ఆనాటి శాసనాలలో చిఱ్పులి. రేనాటి చోళుల తరువాత ఈ చిఱ్పులి వైదుంబులకు స్థానమయినది. వారికి మరో ముఖ్య స్థానమైన కలకడ గుర్రంకొండకు దూరమేమీ కాదు. తొమ్మిదవ శతాబ్దిలో వైదుంబ గండత్రినేత్రుడు నొలంబులతో పోరిన సోరెమతి యుద్ధాన్ని పుంగనూరు, మదనపల్లె ప్రాంతాల వీరగల్లులు పేర్కొంటున్నవి. పొలాల గట్ల మీద, చెరువు కట్టల మీద నేటికీ నిలబడి ఉన్న ఈ రాళ్ళు ఎవడు ఎవరి పక్షాన పోరి పడిపోయాడో రెండు మూడు పంక్తులలో చెబుతాయి. ఊరిమీద పడిన వారిని ఎదిరించి చచ్చినవాడు, తోలుకుపోతున్న ఆలమందను మళ్ళించబోయి చచ్చినవాడు — ఇటువంటి వారి పేర్లు ఎన్నో వీరగల్లుల మీద కనిపిస్తాయి. ఆ యుగంలో యుద్ధమంటే రాజధానులు పట్టుకోవటం మాత్రమే కాదు. పశువులను తోలుకుపోవటం, ఊరు కొల్లగొట్టటం. అటువంటి కాలంలో కొండ అనేది ముందుగా ఊరివారికి, పశువులకు దాగు చోటు. తరువాతనే అది రాజుకు కోట అవుతుంది.

ఈ విషయాన్ని తెలుసుకోవటానికి అందలుస్ (ముస్లిం స్పెయిన్) లో జరిగిన పని మనకు చాలా ఉపకరిస్తుంది. అక్కడి కొండ కోటలను అరబ్బీలో ‘హిస్న్’ అంటారు. చాలా కాలం వరకు యూరపు చరిత్రకారులు వీటిని ఫ్రాన్సు, జర్మనీ దేశాల ప్రభువుల కోటల వంటివే అనుకొన్నారు: కొండపై ఒక దొర, కింద అతని కమతాలు, అతనికి ఊడిగం చేసే రైతులు. 1988లో బజానా, క్రెసియే, గిషార్ అనే ముగ్గురు ఫ్రెంచి పండితులు అందలుస్ గ్రామీణ దుర్గాలపై ప్రచురించిన గ్రంథం ఈ అభిప్రాయాన్ని మార్చివేసింది. తూర్పు స్పెయిన్‌లోని చాలా కోటలలో దొర నివాసమని చెప్పదగిన భవనమే లేదు. ఉన్నవి ఒక పెద్ద ఆవరణ, దానికి ఒక ప్రహరీ, ఒక నీటి తొట్టి. చుట్టుపక్కల గ్రామాలవారు ఉమ్మడిగా కట్టుకొని, ఉమ్మడిగా కాపాడుకొన్న ఆశ్రయాలు అవి. ఆ ఆవరణను స్పానిష్‌లో ‘అల్బకార్’ అంటారు. అరబ్బీలో బఖర్ అంటే ఆవు. పశువుల దొడ్డి అన్న అర్థం నుండే ఈ మాట వచ్చిందని పలువురి అభిప్రాయం. నీటి తొట్టికి స్పానిష్ పేరు ‘అల్హీబే’, అది అరబ్బీ ‘అల్ జుబ్బ్’ నుండి వచ్చినది. సూరయె యూసుఫ్ చదివిన వారికి యూసుఫ్ అలైహిస్సలాంను అన్నలు పడవేసిన బావికి వాడిన మాట ఇదేనని గుర్తుకు వస్తుంది.

ఇంత దూరం పోయి రావటం ఎందుకంటే, అక్కడి పండితులు రాజుల జాబితాను పక్కన పెట్టి ఆవరణ ఎంత, తొట్టిలో నీరు ఎంత పడుతుంది, పెంకులు ఏ కాలానివి అని కొలిచారు. మన కొండలపై ఈ కొలతల పని ఎంత జరిగితే అంత మేలు. రాయలసీమ దుర్గాలలో పూర్వమధ్యయుగపు ఆధారం స్పష్టంగా దొరికే చోటు గుత్తి. అక్కడి శాసనాలలో పశ్చిమ చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని (1076–1126) కాలానివి ఉన్నవి. అంటే తుపాకులు, ఫిరంగులు ఈ దేశానికి రాక మునుపే ఆ కొండ దుర్గమయినది. గండికోట విషయం కొంత భిన్నం. పెన్నా నది కోసిన లోయ అంచున ఉన్న ఆ కోటను పెమ్మసాని నాయకుల చేతి నుండి 1650లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా తీసుకొన్నాడు. ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే 1652లో అక్కడికి పోయి చూసి రాసిపెట్టాడు. మీర్ జుమ్లా అక్కడ యూరపియను పనివాని చేత ఫిరంగులు పోయించే ప్రయత్నం కూడా చేశాడు. నేటికీ గండికోటలో మాధవరాయ దేవాలయం, జామియా మసీదు ఒకే ఆవరణలో నిలిచి ఉన్నవి.

గుర్రంకొండ ఈ రెండింటి నడిమి చరిత్ర కలది. విజయనగరం, ఆపైన గోల్కొండ, అటు తరువాత కడప మయానా నవాబులు, మరాఠాలు, హైదర్ అలీ, టిప్పు సుల్తాన్, నిజాము, చివరకు ఈస్టిండియా కంపెనీ — ఇందరు ఏలిన చోటు. ఊరి పేరుకు ఒక కథ చెబుతారు. కొండపై ఒక గుర్రం ఉండేదట. అది ఉన్నంత కాలం కోట ఎవరికీ లొంగదట. మరాఠా సాహసి ఒకడు నిలువు బండను ఎక్కి ఆ గుర్రాన్ని దొంగిలించుకుపోయాడట. అప్పటి నుండి కోట అందరికీ లొంగిందట. కథలోని గుర్రం మాట ఎట్లున్నా, అందులో ఒక చారిత్రక విషయం దాగి ఉన్నది. ఈ కోటను శత్రువులు బద్దలు కొట్టటం కంటె, లోపలి వారి మనసు మారటం వల్ల, ఒప్పందాల వల్ల చేతులు మారటమే ఎక్కువ. ఈ మాటకు మీర్ సాహెబ్ జీవితం కంటె మంచి ఉదాహరణ లేదు.

మీర్ అలీ రజా ఖాన్ (స్థానికంగా మీర్ రజా అలీ ఖాన్) ను చరిత్రకారులు మీర్ సాహెబ్ అంటారు. ఆయన తండ్రి మీర్ మొయినుద్దీన్ ఒకప్పుడు కడప కోటకు అధికారి. ఆయన సోదరి ఫఖ్రున్నిసా హైదర్ అలీ భార్య, టిప్పు సుల్తాన్ తల్లి. అంటే మీర్ సాహెబ్ టిప్పుకు మేనమామ. 1767లో పేష్వా మాధవరావు దండెత్తి వచ్చినపుడు శిరా కోట మీర్ సాహెబ్ అధీనంలో ఉన్నది. ఆయన దానిని మరాఠాలకు అప్పగించి, బదులుగా గుర్రంకొండ సీమను పొందాడు. మరుసటి ఏడు హైదర్ స్వయంగా వచ్చి నచ్చజెప్పగా తిరిగి బావ పక్షం చేరాడు. 1771లో త్రియంబకరావు నాయకత్వాన మరాఠా సేన గుర్రంకొండను ముట్టడించి పట్టుకొన్నది. 1772లో మాధవరావు మరణించిన తరువాత హైదర్ తాను కోల్పోయిన ప్రాంతాలను ఒక్కటొక్కటిగా మళ్ళీ చేర్చుకొన్నాడు. వాటిలో ఇదీ ఒకటి. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీం ఖాన్ సిద్ధవటంలో హైదర్‌కు లొంగిపోవటంతో ఈ సీమంతా మైసూరు వశమయినది. రెండేండ్లకు, 1781 జులై ఒకటిన (హిజ్రీ 1195) సముద్ర తీరాన పోర్టోనోవో యుద్ధంలో మీర్ సాహెబ్ తీవ్రంగా గాయపడి మరణించాడు. గుర్రంకొండ సమీపంలోని గుమ్మటం గల మక్బరా ఆయనదే.

బావమరిదిగా పుట్టినా శత్రుపక్షం చేరటం, మళ్ళీ రావటం, చివరకు ఆ బావ యుద్ధంలోనే ప్రాణమివ్వటం — దీనిని ద్రోహమనో, విశ్వాసమనో ఒక్క మాటతో తేల్చి రాసిన వారున్నారు. ఈ వ్యాసకర్తకు ఆ తీర్పు తొందరపాటుగా కనిపిస్తుంది. ఆనాడు గుర్రంకొండ వంటి కోటను చేత పట్టుకొన్నవాడు ముగ్గురు బలవంతుల మధ్య నిలబడినవాడు. తన కోటకు, తన వారికి ఎవరు నిలబడతారో చూసుకొనే పక్షం మారేవాడు. ఆనాటి హిందూ పాలెగాళ్ళు కూడా అదే పని చేశారు. మతాన్ని ముందు పెట్టి ఈ సంఘటనలను చదివితే ఒక్కటీ అర్థం కాదు. ఈ కల్లోలం నడుస్తున్న రోజులలోనే, గుర్రంకొండ కంటిచూపు మేరలో ఉన్న తరిగొండ గ్రామంలో పుట్టిన వెంగమాంబ తెలుగులో భక్తి కావ్యాలు రాస్తున్నదన్న సంగతి మన చరిత్ర పుస్తకాలు వేరే అధ్యాయంలో చెబుతాయి. రెండూ ఒకే సీమ, ఒకే కాలం.

మూడవ మైసూరు యుద్ధంలో గుర్రంకొండ ముట్టడి ఈ కోట నిర్మాణాన్ని అర్థం చేసుకోవటానికి తాళపుచెవి వంటిది. 1791లో నిజాము సేన కోటను చుట్టుముట్టింది. వారాలు గడిచినా ఫలితం లేకపోయింది. అక్టోబరులో నందిదుర్గం ఇంగ్లీషువారి వశం కావటంతో అక్కడి ముట్టడి ఫిరంగులను ఇటు పంపారు. కెప్టెన్ రీడ్ నాయకత్వంలోని కంపెనీ పటాలం నవంబరులో (హిజ్రీ 1206) దిగువ కోటను పట్టుకొన్నది. ఎగువ కోట మాత్రం లొంగలేదు. దానిని దిగ్బంధించి ఉంచేందుకు హాఫిజ్ ఫరీదుద్దీన్ ఖాన్‌ను కొంత సేనతో నిలిపి, నిజాము ప్రధాన సైన్యం ముందుకు కదలింది. ఈ హాఫిజ్ గతంలో నిజాము తరఫున టిప్పు దర్బారుకు రాయబారిగా వెళ్ళినవాడు. డిసెంబరులో టిప్పు పెద్ద కుమారుడు, పద్దెనిమిదేండ్ల ఫతె హైదర్ మెరుపులా వచ్చిపడ్డాడు. వచ్చినది చిన్న దండు అనుకొని కొద్దిమందితో ఎదురు వెళ్ళిన హాఫిజ్ చిక్కిపోయి చంపబడ్డాడు. దిగువ కోట మళ్ళీ మైసూరు వశమయినది. కొద్ది రోజులకే నిజాము సైన్యం వెనుదిరిగి వచ్చి దిగువ కోటను రెండవసారి తీసుకొన్నది. ఎగువ కోట మాత్రం యుద్ధంలో ఎవరికీ దక్కలేదు. 1792 శ్రీరంగపట్నం సంధిలో గుర్రంకొండ నిజాముకు పోయినప్పుడు, కాగితం మీది సంతకంతో మాత్రమే అది చేయి మారింది.

రెండు నెలలలో దిగువ కోట మూడుసార్లు చేతులు మారింది. ఎగువ కోట ఒక్కసారి కూడా మారలేదు. ఒకే దుర్గంలో రెండు వేర్వేరు కోటలున్నవని దీనిని బట్టి తెలుస్తున్నది. దిగువది ఊరిని, బజారును, మహలును కలుపుకొన్న ఆవరణ. గోడ పొడవు ఎక్కువ, కాపలాకు మనుషులు ఎక్కువ కావాలి, ఫిరంగి గుండ్లకు ఎదురుగా ఉంటుంది. ఎగువది కొండ బండనే గోడగా చేసుకొన్న స్థలం. కొద్దిమంది చాలు. ఫిరంగిని అంత ఎత్తుకు గురిపెట్టటం కష్టం. అందలుస్ కోటలలో పశువులకు, జనానికి అల్బకార్, దానిపైన కాపలావారికి చిన్న కోట ఉన్న పద్ధతికి ఇది దగ్గరగా ఉన్నది. దేశాలు వేరు, కాలాలు వేరు, ఒకరి నుండి ఒకరు నేర్చుకొన్నది లేదు. కొండ, శత్రువు, నీరు అనే మూడు అవసరాలు ఒకే తీరు కట్టడాన్ని కట్టించినవి.

ఈ మూడింటిలో నీటిని గురించి మన చరిత్ర పుస్తకాలు అతి తక్కువ చెబుతాయి. గుత్తి కథ దీనికి నిదర్శనం. 1776లో హైదర్ అలీ గుత్తిని ముట్టడించాడు. కోటను ఏలుతున్న మురారి రావు ఘోర్పడే ఆనాటి యోధులలో పేరు పొందినవాడు. సంధికి మాటలు నడిచినవి, షరతులు కూడా దాదాపు కుదిరినవి. మురారి రావు పంపిన యువకుడు ఒకడు హైదర్ శిబిరంలో మాటల మధ్య, కోటలో మూడు రోజుల నీరు మాత్రమే మిగిలి ఉన్నదని బయటపెట్టాడు. ఆ మాట విన్న హైదర్ ఏదో నెపంతో సంధిని సాగదీశాడు. నీరు అయిపోగానే గుత్తి లొంగింది. మురారి రావు కబ్బాళదుర్గం చెరలో మరణించాడు. ఒక రాజ్యం ఒక దొన ఎండిపోవటం వల్ల పోయినదంటే అతిశయోక్తి కాదు.

కొండ బండలో సహజంగా ఏర్పడిన నీటి గుంటను మన సీమలో దొన అంటారు. దాని అంచున రాతి కట్ట కట్టి, పగుళ్ళకు గచ్చు పూసి, పై బండ మీద పడిన వాన అటే పారేటట్టు సన్నని కాలువలు తొలిస్తే అది కోట నీటి నిలువ అవుతుంది. ఒక చిన్న లెక్క వేసి చూడవచ్చును. ఐదు వందల మందికి తాగటానికి, వండుకోవటానికి మనిషికి రోజుకు ఐదు లీటర్ల చొప్పున రెండున్నర వేల లీటర్లు. నూరు రోజుల ముట్టడికి రెండున్నర లక్షల లీటర్లు. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు ఉన్న ఒక్క కోనేరులో ఇది పడుతుంది. ఒక హెక్టారు వట్టి బండపై ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే రెండు లక్షల లీటర్లు. ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లు అటూ ఇటూగా కురిసే ఈ సీమలో కూడా, దొనలు బాగా ఉంటే కొండపై కొద్దిమంది చాలా కాలం నిలవగలరు. గుర్రాలు, ఎడ్లు ఉంటే లెక్క తలకిందులవుతుంది, ఒక్క గుర్రం ఆరేడుగురి నీరు తాగుతుంది. కాబట్టి దొనలను కొలిస్తే కోటలో ఎందరు ఉండగలిగేవారో, ఎన్నాళ్ళు ఉండగలిగేవారో తెలుస్తుంది. ఏ తారీఖూ, ఏ కైఫియత్తూ చెప్పని సంగతి ఇది.

గోడలను చదవటం మరో విద్య. రాయలసీమ దుర్గాలలో తరచు కనిపించే క్రమం ఒకటి ఉన్నది. అడుగున పెద్ద పెద్ద బండలు, సున్నం లేకుండా ఒకదానికొకటి ఇమిడేటట్టు చెక్కి పేర్చినవి. దాని పైన చిన్న రాళ్ళు, డంగు సున్నంతో కట్టినవి. అన్నిటికంటె పైన ఇటుక, గచ్చుతో చేసిన పిట్టగోడ, అందులో తుపాకి గొట్టం పెట్టేందుకు ఏటవాలు రంధ్రాలు. మొదటిది ఫిరంగికి పూర్వపు పద్ధతి లేదా ఆ పద్ధతిని వదలని పనివారి చేయి. చివరిది పదిహేడు, పద్దెనిమిది శతాబ్దులది. ఒకే గోడలో ఈ మూడు వరసలు కనిపించినచోట, కోట ఎవరిదన్న ప్రశ్నకు మూడు జవాబులు ఒకదానిపై ఒకటి నిలబడి ఉన్నట్లు లెక్క.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయాన్ని పేర్కొనవలసి ఉన్నది. కమాను, గుమ్మటం, గచ్చు పని కనిపిస్తే అది ముస్లిం కట్టడమని, దూలం, దిమ్మెల స్తంభం కనిపిస్తే హిందూ కట్టడమని కొందరు వెంటనే తీర్పు చెబుతారు. చంద్రగిరి రాజమహలును చూడండి. విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటైన ఆ చోట, కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన ఆ భవనం నిండా కమానులే. హంపీలోని కమలమహలు కూడా అటువంటిదే. పనివారు ఒకరే, రాజులు మారారు. గుర్రంకొండలో కొండ అడుగున ఉన్న రంగీన్ మహలును (ఊరివారి నోట రంగినీ మహల్) ఈ దృష్టితో చూడాలి. ఫారసీలో రంగీన్ అంటే రంగులు గలది. మహలు కమానులను మాత్రమే చూసి దాని కాలాన్ని, యజమానిని నిర్ణయించటం పనికిరాదు. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉండటం వల్ల ఇది కొంతవరకు నిలిచి ఉన్నది.

కోటకు సంబంధించి తెలుగువాడు వాడే మాటలు కూడా గోడ వరసల వంటివే. కోట, అగడ్త, అలంగం, కొత్తళం, దిడ్డి అనేవి పాతవి. కిల్లా అరబ్బీ ‘ఖల్అ’ నుండి వచ్చింది, దానికి ఫారసీ ‘దార్’ చేరి కిల్లేదారు అయినది. మహలు, మక్బరా అరబ్బీవి. ‘బురుజు’ అరబ్బీ ‘బుర్జ్’. అరబ్బీలోకి అది గ్రీకు ‘పుర్గోస్’ నుండి వచ్చిందని భాషాశాస్త్రజ్ఞుల మాట. ఊరిలో నిరక్షరాస్యుడయిన గొర్రెల కాపరి కూడా బురుజు అన్న మాటను పరాయిదని అనుకోడు.

నాణేల సాక్ష్యం గుర్రంకొండకు ప్రత్యేకమైనది. టిప్పు సుల్తాన్ తన రాజ్యంలోని అనేక ఊళ్ళకు కొత్త పేర్లు పెట్టాడు. గుత్తిని ఫైజ్ హిసార్ అన్నట్టే, గుర్రంకొండను జఫరాబాద్ అన్నాడు. అంటే విజయనగరి. ఇక్కడ ఒక టంకశాల ఉండేది. జఫరాబాద్ పేరు గల రాగి నాణేలు సేకరణలలో ఉన్నవి. టిప్పు రాగి పైసాలపై ఒక వైపు ఏనుగు బొమ్మ ఉంటుంది. ఈ నాణేలను చదవటంలో ఒక చిక్కు ఉన్నది. 1787 నుండి టిప్పు హిజ్రీ లెక్కకు బదులు ప్రవక్త (స) జననం నుండి లెక్కించే మౌలూదీ సంవత్సరాన్ని వాడించాడు. అంకెలను కూడా కుడి నుండి ఎడమకు రాయించాడు. 1215వ సంవత్సరపు నాణెం మనకు 5121 వలె కనిపిస్తుంది. పద్ధతి తెలియనివాడు దీనిని చూసి ఏవేవో ఊహలు చేస్తాడు. ఊరి పేరు కూడా జఫరాబాద్ అని ఉండటంతో, ఇది గుర్రంకొండలోనే పుట్టిన నాణెమని గుర్తు పట్టలేక ఎక్కడిదో అనుకొని అమ్మివేసినవారు ఉంటారు. అటువంటి ఒక్క పైస ఎగువ కోటలో, ఒక గోడ అడుగున, కదలని మట్టిలో దొరికితే ఆ గోడ ఆ ఏటి తరువాతిదని చెప్పవచ్చును. అదే పైస దొంగ తవ్వకంలో బయటపడితే కొన్ని రూపాయల రాగిముక్క.

గుప్తనిధుల వేట వలన కలిగే నష్టం ఇదే. సీమలోని కొండ కోటలన్నిటికీ ఈ తెగులు పట్టింది. మధ్యరాత్రి పూజలు, గడ్డపారలు, అప్పుడప్పుడు మందుగుండు. బంగారం ఉన్నదో లేదో కాని, తవ్వినవాడు ముందుగా వెళ్ళేది దొన అడుగుకు, గుడి గర్భాలయానికి, మక్బరా దగ్గరికి. దొన అడుగున వందల ఏండ్లుగా పేరుకొన్న ఒండ్రులో పెంకులు, ఎముకలు, గింజలు, సీసపు గుండ్లు ఒక వరుసలో పడి ఉంటాయి. ఏది ముందు, ఏది తరువాత అని చెప్పే పుస్తకం అది. ఒక్క రాత్రి తవ్వకంతో పుటలన్నీ చించి కలిపివేసినట్లవుతుంది. ఇక సమాధుల సంగతి చెప్పనక్కరలేదు. మృతుని ఎముక విరచటం బ్రతికి ఉన్నవాని ఎముక విరచటం వంటిదని హదీసులో ఉన్నది. ఏ మతస్థుని సమాధి విషయంలోనైనా ఈ బుద్ధి ఉండవలసినదే. చట్టం కూడా ఉన్నది. భూమిలో పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నాటి నిధుల చట్టం చెబుతున్నది. రక్షిత స్థలాలలో తవ్వకాన్ని 1958 కేంద్ర చట్టం, 1960 రాష్ట్ర చట్టం నిషేధిస్తున్నవి. కొండ మీద రాత్రిపూట చట్టాన్ని చదివి వినిపించేవారు లేరు.

కాగితాల సాక్ష్యంలో కూడా చేయవలసిన పని మిగిలి ఉన్నది. గుర్రంకొండను గురించి మనం ఎక్కువగా ఆధారపడుతున్నది విల్క్స్ వంటి ఇంగ్లీషు సైనికాధికారుల చరిత్రల మీద, 1875లో గ్రిబుల్ రాసిన కడప జిల్లా మాన్యువల్ మీద. ఇవి విలువైనవే. కాని అవతలి పక్షం రాత కూడా ఉన్నది. మీర్ హుసేన్ అలీ ఖాన్ కిర్మానీ ఫారసీలో రాసిన ‘నిషానె హైదరీ’ హైదర్, టిప్పుల చరిత్ర. ఆయనే రాసిన ‘తజ్కిరతుల్ బిలాద్ వల్ హుక్కామ్’ బాలాఘాట్ సీమలోని ఊళ్ళ, పాలకుల వృత్తాంతం. మెకంజీ సేకరింపజేసిన తెలుగు కైఫియత్తులు మరొక ఆధారం. కైఫియత్ అన్న మాటే అరబ్బీ, రాసినవారు మాత్రం ఎక్కువగా ఊరి కరణాలు. కరణం తన ఊరి చెరువు ఎవరు తవ్వించారో, ఏ ఇనాము ఎవరికి నడిచిందో రాస్తాడు. కిర్మానీ సుల్తాను కంటితో చూస్తాడు. ఇంగ్లీషువాడు ఫిరంగి పక్క నిలబడి చూస్తాడు. ఈ ముగ్గురిని ఎదురెదురుగా కూర్చోబెట్టే పని ఫారసీ, తెలుగు రెండూ వచ్చినవారు చేయాలి. అటువంటి వారు ఈ సంస్థ వంటి చోట్ల కాక మరెక్కడ తయారవుతారు?

1799లో టిప్పు అమరుడయిన తరువాత జరిగిన పంపకంలో, మీర్ సాహెబ్ కుమారుడు కమరుద్దీన్ ఖాన్‌కు గుర్రంకొండ సీమలో జాగీరు కేటాయించారు. ఆ మరుసటి ఏడు, 1800 అక్టోబరులో, నిజాము ఈ జిల్లాలన్నిటిని కంపెనీకి దత్తం చేశాడు. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దాదాపు ఎనభై మంది పాలెగాళ్ళను అణచి, వారి సాయుధ బలగాన్ని చెదరగొట్టాడు. కొండ కోటలతో పని తీరిపోయింది. కాపలా లేని కోటలో మొదట పాడయ్యేది నీటి నిలువ. దొన కట్టకు ఏటేటా గచ్చు పూసేవారు లేక పగులు పెద్దదవుతుంది, వాన నీరు నిలవదు, ఒండ్రు నిండుతుంది, అందులో చెట్టు మొలుస్తుంది, దాని వేరు రాతిని విడదీస్తుంది. ఎగువ కోటలో పరిశోధన మొదలు పెట్టేవారు మహలు కంటె ముందు ఈ దొనల దగ్గరకు పోవాలి. ఒక్కొక్క దొన పొడవు, వెడల్పు, ఒండ్రు పై మట్టం, కట్టలోని గచ్చు పొరల సంఖ్య రాసుకోవాలి. వేసవి చివరలో, ఏప్రిల్, మే నెలలలో, నీరు అతి తక్కువ ఉన్నప్పుడు పోవటం మంచిది. అప్పటికి కూడా ఏ దొనలో నీరు ఉన్నదో ఊరి గొర్రెల కాపరులకు తెలుసు.